మూడు కత్తులు, ఒక మంగళవారం

కత్తులు నాకే ఇచ్చేశారండీ. మూడూ నాకే. ఏలూరులో మా సెలూన్ బాబాయిగారు, వాళ్ల తాతగారి నాటి గడ్డం గీసే మడతకత్తులు, గేదెకొమ్ము పిడివి రెండు, విదేశీ ముద్ర అరిగిపోయి సగమే కనిపించేది ఒకటి, పాత తువ్వాలులో చుట్టి ఇవాళ పొద్దున్న నా ముందు స్టూలు మీద పెట్టారు. చేతికివ్వలేదు. (కత్తి చేతిలోంచి చేతిలోకి వెళితే ఇద్దరికీ తగువొస్తుందని మా వైపు పట్టింపు, ఒకరు కింద పెట్టాలి, రెండోవారు తీసుకోవాలి.) నేను తీసుకున్నాను. తీసుకుని రోడ్డు మీదకొచ్చి, ఎవరికి ముందు ఫోన్ చెయ్యాలో తేలక, ముందు మీకే చెప్పేస్తున్నాను. అసలు ఆ కత్తుల కంటే పెద్ద కబురు ఇంకొకటుంది. అది అర్థం కావాలంటే నాతో ఇరవయ్యేళ్లు వెనక్కి రావాలి.

గడ్డం ఇప్పుడంటే స్టైలు గానీ, నేను ఏలూరులో స్నేహితుడితో ఒకే గదిలో ఉండి డిగ్రీ చదివేటప్పుడు అది పరీక్షలకి సంబంధించిన విషయం. ఆఖరి పరీక్ష రాసిన రోజు నుంచీ ఫలితాలు వచ్చేదాకా కత్తి తగలనివ్వకూడదని పట్టు పట్టాను. మా నాన్న కొల్లేటి ఒడ్డున రెండెకరాల వరి చేసుకుంటూ, కోతలయ్యాక చేలల్లో బాతులు మేపేవాడు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే, కాబట్టి నా గడ్డం మీద మా వంశం మొత్తం ఆధారపడి ఉందని నా నమ్మకం. ఒక సోమవారం సాయంత్రం ఫలితాలొచ్చాయి. పాసయ్యాను. ఆ సంతోషంలో ఉండగానే తాడేపల్లిగూడెం నుంచి కబురు: అక్కడి రైసు మిల్లులో ధాన్యం తేమ చూసే ఉద్యోగం ఉంది, రేపు మధ్యాహ్నం మూడింటికి ఓనరుగారిని కలవమని. ఆ ఉద్యోగం కోసం అప్పటికే ఇద్దరు తిరుగుతున్నారని కూడా చెప్పారు. రేపు మంగళవారమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మంగళవారం ఏలూరులో ఏ సెలూనూ తియ్యరు. నేను రెండు నెలల గడ్డంతో వీధులన్నీ తిరిగి, చివరికి బాబాయిగారి ఇంటికే వెళ్లి అరుగు మీద కూలబడ్డాను. (కిరాణా కొట్టులో చిన్న రేజరు దొరుకుతుంది కదా అని మీరంటారు. నిజమే. బీఎస్సీ పాసైన నాకు ఆ ఆలోచన రాలేదు.)

"ఇవాళ నేను కత్తి పట్టనండి బాబూ. మా తాత పట్టలేదు, మా నాన్న పట్టలేదు," అన్నారు బాబాయిగారు.

"ఉద్యోగమండీ బాబాయిగారూ. మా ఇంట్లో మొదటి ఉద్యోగం."

ఆయన నా గడ్డాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "నేను పట్టను అన్నాను గానీ, మీరు పట్టకూడదని ఎక్కడా లేదు కదండీ," అని లోపలి నుంచి కత్తుల పెట్టె కాలితో ముందుకు తోశారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, నాకు ఎదురుగా నిలబడి, నోటితో నా గడ్డం గీయడం మొదలుపెట్టారు. ఇంట్లో అద్దం మసకబారి పనికిరాదు, ఆయన మాటే నాకు అద్దం. "సబ్బు ఇంకా రాయండి. చర్మం పైకి లాగండి. కత్తి పడుకోబెట్టండి బాబూ, అలా నిలబెడితే చెవి తీసేస్తారు." రెండు బుగ్గలూ, గొంతూ బాగానే అయ్యాయి. నాకు గర్వం కూడా వచ్చేసింది. ఇక మిగిలింది కుడి బుగ్గ మీద, మీసం చివర పక్కనున్న నాలుగు వెంట్రుకలు. కత్తి అక్కడ ఆనించాను.

"ఇప్పుడు మెల్లిగా ఎడం పక్కకి లాగండి," అన్నారు.

లాగాను. నలభై ఏళ్లుగా జనం మొహాలకి ఎదురుగా నిలబడ్డ మనిషికి ఎడమ అంటే తన ఎడమే. అంటే నా చెవి వైపు. నేను నా ఎడమకి లాగాను, అంటే ముక్కు కిందకి. కొంచెం రక్తం, దాంతోపాటు కుడి వైపు మీసం మొత్తం బాబాయిగారి అరుగు మీద పడ్డాయి. ఆయన పటిక తెచ్చి స్వయంగా రాశారు (పటిక కత్తి కాదు కాబట్టి). తర్వాత వెనక్కి జరిగి చూసి, "నేను సరిగ్గానే చెప్పానండి, మీరే అటు లాగారు. రెండోది కూడా తీసెయ్యండి. సగం ఉంటే అడుగుతారు, మొత్తం పోతే ఎవరడుగుతారు?" అన్నారు.

మిల్లు ఓనరుగారు అడిగారు. నేను గుమ్మంలోకి రాగానే ఆయన మొహం మెత్తబడిపోయింది. అప్పుడే మీసం తీసిన తెల్లటి పెదవి మా వైపు ఒక్క సందర్భంలోనే కనిపిస్తుంది. స్వయంగా కుర్చీ లాగి కూర్చోబెట్టి, టీ తెప్పించి, "నాన్నగారు ఎప్పుడు పోయారు బాబూ?" అన్నారు. నేను తల దించుకుని పై పెదవి తడుముకున్నాను. అది దుఃఖమనుకున్నారు. "పెద్దకర్మ అయిందా? అమ్మగారు ఎలా ఉన్నారు? ఇంటి బరువంతా నీదేగా ఇక. సర్టిఫికెట్లు తర్వాత చూద్దాంలే, రేపటి నుంచి వచ్చెయ్," అన్నారు. ఉద్యోగం వచ్చేసింది. లేచి దణ్ణం పెట్టి గుమ్మం దాకా వెళ్లాను కూడా. అక్కడ, మోకాలి లోతు నీళ్లలో బాతుల వెనక నడుస్తున్న మా నాన్న కళ్ల ముందు మెదిలాడు. వెనక్కి తిరిగాను.

"అయ్యా, మా నాన్న బతికే ఉన్నాడండీ. బాతులు మేపుతున్నాడు."

ఆయన టీ గ్లాసు దించారు. ఉద్యోగం పోయిందనుకుంటూనే, మంగళవారం సంగతీ, కాలితో తోసిన పెట్టె సంగతీ, ఎడమ సంగతీ మొత్తం చెప్పేశాను. ఆయన లేచి దగ్గరకొచ్చి నా పై పెదవిని ధాన్యం గింజలా పరీక్షించి, "ఎవరి ఎడమయ్యా?" అని మొదలుపెట్టిన నవ్వు, గుమాస్తాలు పరిగెత్తుకొచ్చేదాకా ఆగలేదు. చివరికి కళ్లు తుడుచుకుని, "ఉన్న తేమ ఉన్నట్టు చెప్పేవాడు కావాలి నాకు. మీసం మొలిచేదాకా ఆగక్కర్లేదు, రేపే రా," అన్నారు.

ఆ సాయంత్రం ఊరికెళ్లి గట్టు మీద నుంచే అరిచాను, నాన్నా పాసయ్యాను, ఉద్యోగం వచ్చిందీ అని. నాన్న బాతుల్ని వదిలేసి వచ్చి నా మూతి వంక చూశాడు. "ఎవరికోసంరా తీశావు? నేనిక్కడే ఉన్నానుగా," అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నా పక్కనే నడు," అని ఊరంతా తిప్పాడు. ప్రతి ఇంటి ముందూ ఆగి ఒకే మాట: "మావాడు డిగ్రీ పాసయ్యాడండీ, నేను బతికే ఉన్నానండీ."

ఇవాళ బుధవారం. బాబాయిగారు కత్తులు స్టూలు మీద పెట్టి, "మా మనవడు ఏసీ సెలూన్ పెడుతున్నాడు బాబూ. వీటిని గాజుపెట్టెలో పెట్టి గోడకి తగిలిస్తాడట. గోడకేం గడ్డముందండీ?" అన్నారు.

"మరి నాకెందుకండీ బాబాయిగారూ?"

"ఇన్నేళ్లలో నా కత్తితో సొంతంగా గీసుకున్నది మీరొక్కరేగా." తువ్వాలు ముడి బిగిస్తూ, నా వైపు చూడకుండా, "ఆ రోజు నేను ఎడమ అన్నది నా ఎడమేనండి," అన్నారు.

ఇదీ అసలు కబురు. ఇరవయ్యేళ్లుగా నేను కటింగుకి వెళ్లినప్పుడల్లా తప్పు నా మీదికే నెట్టి వాదించిన మనిషి ఒప్పుకున్నారు. సెలూన్ కుర్చీ ముందున్న అద్దంలో, చెవుల దగ్గర నెరిసిన నేను కనిపించాను. ముక్కు కింద ఏమీ లేకుండా, చంకలో సర్టిఫికెట్ల కవరుతో రైలెక్కిన ఆ బక్కపలచటి కుర్రాణ్ణి ఒకసారి పిలిచి, తప్పు నీది కాదులేరా అని చెప్పాలనిపించింది. వాడికి ఫోన్ లేదు.

ఇక చెయ్యాల్సిన ఫోన్లు: మా ఆవిడకి, ముందు కత్తులు ఎక్కడ దాచాలో అడగాలి. నల్లజర్లలో ఉన్న నా పాత రూమ్మేటుకి, వాడూ బాబాయిగారి పక్షమే వహించాడు కాబట్టి. పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న మిల్లు ఓనరుగారికి, "ఎవరి ఎడమ" అన్నదానికి జవాబు దొరికిందని. అందరికంటే ఆఖరున, తీరిగ్గా, నాన్నకి. కత్తులు అనగానే కంగారు పడతాడు, అందుకని మొదటి మాటగా మీసం ఉందని చెప్పాలి.