తమాషాకన్న మాట

మొన్న మధ్యాహ్నం మనవరాలు ఫోనులో ఒక పాత సినిమా చూస్తూ, భార్య పోయాక కథానాయకుడు అన్నం ముట్టకుండా కృశించిపోయే ఘట్టం రాగానే ఫక్కున నవ్వి, "ఇట్లా యాడన్నా ఉంటారా అవ్వా?" అంది. మన వయసువాళ్లు ఆ బొమ్మకు ఎంత ఏడ్చారో మీకు తెలియనిది కాదు. నేను మాత్రం దాని తరఫున వాదానికే దిగాను, ఎందుకంటే ఆ సినిమా నాకు చూపించిన మనిషే అట్లా పోయాడు.

ఆయన మా చిన్నాయన. ఎమ్మిగనూరులో మా ఇంటి పక్కనే ఆయన మగ్గం నేస్తుంటే, చిన్నమ్మ ఎదురుగా కూర్చుని కండెలకు నూలు చుట్టేది. పిల్లలు లేని ఆ ఇద్దరూ నన్ను వెంటబెట్టుకుని ఆదోనికి పోయి ఆ సినిమా చూపించారు. తిరుగు బస్సులో, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన చిన్నమ్మ ఉన్నట్టుండి అడిగింది, "నేను సచ్చిపోతే నువ్వేం సేస్తావు?"

"ఏముంది, నెల తిరక్కుండా ఇంకోదాన్ని తెచ్చుకుంటా!"

బస్సంతా నవ్వింది. చిన్నమ్మ ఆయన భుజం మీద ఒక్కటి చరిచి, కిటికీ వైపు తిరిగింది.

ఆ ఏడే ఆమె జ్వరం ముదిరి కన్నుమూసింది. చీర సగంలోనే మగ్గం ఆగిపోయింది. చిన్నాయన ఆమె కూర్చునే చోట కూర్చుని, నేసేవాళ్లు లేని మగ్గానికి కండెలు చుడుతూ ఉండేవాడు. అమ్మ అన్నం పెడితే కలిపి, కలిపి, అట్లే వదిలేసేవాడు. మా నాయన ఆదోనిలో ఒక సంబంధం చూసి వచ్చి, "ఇంకోదాన్ని తెచ్చుకుంటానని నువ్వే అంటివి గదరా" అని నవ్వించబోయాడు.

"తమాషాకంటిని గదన్నా," అన్నాడు చిన్నాయన. కండె చుడుతూనే, "అది తమాషా అని దానికి తెలిసిందో లేదో, అదే తెల్దు నాకు" అన్నాడు.

మళ్లీ వానలు పడకముందే ఆయనా పోయాడు. డాక్టరు ఏదో జబ్బు పేరు చెప్పాడు గానీ, మా వీధిలో ఎవరూ నమ్మలేదు.

అంతా విని మనవరాలు ఫోను పక్కన పెట్టి, "మరి తాత పోయినప్పుడు నువ్వేం సేసినావు అవ్వా?" అని మెల్లగా అడిగింది. ఏం చేశాను, దినాలు కాగానే పొయ్యి ముట్టించుకున్నాను, తిన్నాను, బతికాను. అట్లా బతకడమే మంచిదని అందరూ మెచ్చుకున్నారు కూడా. కానీ ఒక మనిషి కోసం ఇంకో మనిషి పూర్తిగా పాడైపోతే, ఆ పాడైపోవడాన్ని వీధి వీధంతా నమ్మి, నోరెత్తకుండా తలవంచుకున్న రోజులు నేను చూశాను. ఇప్పుడు అది చూస్తే పిల్లలకు నవ్వొస్తోంది, నాకేమో ఈ వయసులో చిన్నాయన మీద అసూయగా ఉంది.