రెండో బ్రేకు

ఆ వీధిలో ఆమెను అందరూ పరదాల అక్క అంటారు. కిటికీ కొలతలు ఇస్తే మూడో రోజుకి పరదా కుట్టి చేతిలో పెడుతుంది. అంచు గీత గీసినట్టు ఉంటుంది. పనికి వంక పెట్టడానికి లేదు కానీ, ఎదుటివాళ్ళ మాట పూర్తి కానివ్వని గుణం ఒకటుంది ఆమెకి. ఎవరైనా వచ్చి "నీలం గుడ్డ మీద చిన్న చిన్న..." అనేలోగా "పువ్వులు, తెలుసు" అనేస్తుంది. వాళ్ళు చెప్పబోయింది గీతలు. అయినా పువ్వులే పట్టుకెళతారు. ఆమెతో వాదించేంత ఓపిక ఎవరికుంది?

ఆమె భర్త డ్రైవింగ్ నేర్పే మాస్టారు. నేర్పే కార్లలో పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు గోడెక్కించబోతే మాస్టారు తొక్కడానికి. ఇరవై ఆరేళ్ళు ఆయన ఆ పక్క సీట్లోనే కూర్చున్నాడు. భార్యకి కూడా నేర్పాడు. పరీక్షనాడు పక్కన కూర్చున్నది వేరే అధికారి కాబట్టి ఆమె మొదటిసారికే లైసెన్సు తెచ్చుకుంది. ఆ మర్నాడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బజారుకి బయల్దేరింది. మలుపు కనిపిస్తే ఆయన బ్రేకు, కుక్క కనిపిస్తే బ్రేకు, ఏమీ కనిపించకపోయినా బ్రేకు. చివరికి నడిరోడ్డు మీద బండి ఆపి, "కారు నడుపుతున్నది నేనా, మీరా?" అని అడిగి, తాళంచెవి ఆయన ఒళ్ళో పడేసి, రెండు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చింది. మళ్ళీ స్టీరింగ్ ముట్టలేదు. లైసెన్సు గడువు దగ్గరపడినప్పుడల్లా మాత్రం వెళ్ళి పొడిగించుకుని వచ్చేది. ఎందుకని ఆయనా అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఎనిమిదేళ్ళ కిందట ఆయనకి నరాల జబ్బు పట్టుకుంది. ముందు వేళ్ళు పోయాయి, తర్వాత కాళ్ళు, ఆఖరికి మాట. ఇప్పుడు ఆయన చెప్పినట్టు వినేవి రెండు కళ్ళే. ముందుగదిలో గోడవారగా ఆయన మంచం, కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను, రెండింటికీ మధ్య చక్రాల బల్ల మీద లాప్‌టాప్. దాని తెర కింద వేలెడు వెడల్పున నల్లటి పట్టీ, అందులో రెండు ఎర్ర చుక్కలు. ఆయన ఏ అక్షరం మీద చూపు నిలిపితే ఆ పట్టీ దాన్ని పట్టుకుని తెర మీద పేరుస్తుంది. వాక్యం అయ్యాక 'మాట్లాడు' అనే బటన్ వైపు చూస్తే లాప్‌టాప్ పైకి చదువుతుంది.

అదీ ఆయన సొంత గొంతుతో. మాట పోయేలోగా మూడు వారాలు కూర్చుని పదహారు వందల వాక్యాలు రికార్డు చేసి పెట్టుకున్నాడు. 'ఓయ్' అన్న పిలుపొక్కటే ఐదు రకాలుగా అన్నాడు, కోపంగా ఒకటి, బతిమాలుతూ ఒకటి, ఇలా. ఆ మూడు వారాలూ మిషను ఆపమని లాప్‌టాప్ ఇచ్చిన సంస్థవాళ్ళు ఆమెకి చెప్పారు. ఆమె ఆపింది, మరిచిపోయింది, మళ్ళీ తొక్కింది. అందుకే ఈనాటికీ ఆయన 'మంచినీళ్ళు' అంటే వెనకాల కుట్టుమిషను చప్పుడు వినిపిస్తుంది. అది తీసేసి మళ్ళీ రికార్డు చేద్దామని ఆనాడు వాళ్ళన్నారు. ఉండనివ్వమన్నాడు ఆయన.

ఇక ఆమె సంగతి. దగ్గు వస్తే ఆయన తల పక్కకి తిప్పాలి, లేకపోతే ఊపిరాడదు. కాబట్టి ఆమె ప్రపంచం వీధి చివర బొత్తాల కొట్టు దాకా. పది నిమిషాలు వెళ్ళడానికి, పది రావడానికి. ఆ కాస్సేపు ఎదురింటావిడ వచ్చి మంచం దగ్గర కూర్చుంటుంది. చెల్లెలు ఇల్లు మారి మూడేళ్ళయింది, ఆ గుమ్మం ఈమె చూడలేదు. ఒక పొద్దున్న తల ప్రాణం తోకకొచ్చి, ఇలాంటి రోగుల్ని చూసుకునే ఆశ్రమానికి దరఖాస్తు తనే నింపి పంపేసింది. ఆయనకి చెప్పే చేసింది, కానీ చెబుతున్నప్పుడు గుడ్డ కత్తిరిస్తూ చెప్పింది, మొహం చూడలేదు. ఏడాదిన్నరకి అక్కడ ఒక పడక ఖాళీ అయిందని ఉత్తరం వచ్చింది. ఈ శనివారం నాలుగింటికి ఆశ్రమం ఆఫీసరమ్మ ఇంటికే వస్తుంది. వెళ్తారా, ఇక్కడే ఉంటారా అని ఆయన్నే అడుగుతుంది. జవాబు ఆయనే చెప్పాలి, ఇంట్లోవాళ్ళు ఆయన బదులు చెప్పకూడదు. చెప్పలేకపోతే ఇంట్లోనే ఉంటున్నట్టు రాసుకుని పడక ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఉత్తరం వచ్చి మూడు వారాలైనా మొగుడూ పెళ్ళాల మధ్య ఆ మాట రాలేదు. ఆయన వెళ్తానంటే ఆ ఇంట్లో ఒక్కతే ఎలా ఉండాలో ఆమెకి తెలియదు. వెళ్ళనంటే ఇంకో ఎనిమిదేళ్ళు ఎలా ఉండాలో అంతకన్నా తెలియదు. ఎటు తిరిగినా గోడే.

ఈ లోపల లాప్‌టాప్‌లో ఒక పెట్టె కనిపించడం మొదలైంది. 'కొత్త సిస్టం సిద్ధంగా ఉంది, ఇప్పుడు వేసుకుంటారా?' అని. వచ్చి వచ్చి సరిగ్గా 'మాట్లాడు' బటన్ మీదే కూర్చునేది. చూపుకి లొంగదు, వేలితోనే నొక్కాలి. ఆమె కుట్టు మధ్యలో ఆపి, లేచొచ్చి, 'తర్వాత' నొక్కి, మళ్ళీ వెళ్ళి దారం వెతుక్కునేది. రోజుకి ఏడెనిమిది సార్లు చొప్పున పదకొండు రోజులు పోరింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన చాలాసేపటి నుంచి ఏదో రాస్తున్నాడు. పెట్టె వచ్చింది. ఆమె లేచి వెళ్ళింది. తెర మీద 'రేపు ఆవిడ వచ్చినప్పుడు నేను చెప్పబోయేది ఏమిటంటే' అని ఉంది. ఆమె అది చదివింది, చదివి 'సరే' నొక్కింది. తెర నీలంగా మారిపోయింది. విసుగొచ్చి నొక్కానని తనకి తాను చెప్పుకుంది. అది సగమే నిజం.

శాతాలు లెక్కపెట్టుకుంటూ, మూడుసార్లు ఆరి మూడుసార్లు వెలిగి, సాయంత్రానికి లాప్‌టాప్ లేచింది. ముస్తాబుకేం తక్కువ లేదు, తెర మీద కొండలు, మంచు, ఒక సరస్సు. కానీ ఎర్ర చుక్కలు వెలగలేదు. ఆయన తెర వంక చూస్తూ ఉన్నాడు, ఒక్క అక్షరం కదల్లేదు. ఆమె బీరువా మీద నుంచి పాత అక్షరాల అట్ట దించి దుమ్ము తుడిచింది. ఆమె వరసగా వేలు పెడుతూ పోతుంటే కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప వేయాలి. రెండు అక్షరాలు కాగానే "దుప్పటి, తెలుసు" అంది. కాదు. "దిండు." కాదు. "ఫ్యాను ఆపెయ్యాలా?" ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎవరితోనైనా చాలించాలనుకుంటే ఆయన చెయ్యగలిగింది అదొక్కటే.

శనివారం పొద్దున్నుంచి ఆమె ఫోను చెవి నుంచి తియ్యలేదు. లాప్‌టాప్ ఇచ్చిన సంస్థ హెల్ప్‌లైన్‌లో ఒక ఓపికగల అమ్మాయి దొరికింది. పట్టీ వైరు తీసి ఇంకో రంధ్రంలో పెట్టమంది. పెట్టింది. ఆపి మళ్ళీ వెయ్యమంది. వేసింది. పట్టీని నడిపే ప్రోగ్రాం తీసేసి కొత్తగా ఎక్కించమంది. ఒక వేలితో, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే, అదీ ఎక్కించింది. చుక్కలు మాత్రం మొండికేశాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఆ అమ్మాయి సెట్టింగుల్లో ఇంకో చోటికి పంపింది. కొత్త సిస్టం వేసుకున్నప్పుడు ఒక్కోసారి కెమెరా వాడుకునే అనుమతి దానంతటదే మూసుకుపోతుందట. పట్టీలో ఉన్నది కెమెరాయే. ఆ పేజీలో పైన ఒక స్విచ్చు ఉంటుంది, బూడిదరంగులో ఉంటే అదే జబ్బు.

"కనిపిస్తోందా మేడమ్?"

కనిపిస్తోంది. బొత్తాం అంత ఉంది, బూడిదరంగులో ఉంది.

"లేదమ్మా," అంది పరదాల అక్క. "ఇక్కడ అలాంటిదేం లేదు."

అయితే సోమవారం మనిషిని పంపిస్తామని ఆ అమ్మాయి ఫోను పెట్టేసింది.

ఆమె వెళ్ళి మిషను ముందు కూర్చుంది. సూది కింద గుడ్డ లేదు, కాలు మాత్రం పెడల్ మీద ఉంది. సోమవారం. నలభై నిమిషాల్లో ఆఫీసరమ్మ వస్తుంది, మెషిను పాడైందని చెప్తే రాసుకుని వెళ్ళిపోతుంది. ఎవరూ ఎవరినీ పంపించినట్టు కాదు, ఎవరూ ఎవరినీ కట్టేసినట్టూ కాదు. అన్నీ ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. అలా అనుకుంటే హాయిగా ఉండాలి. ఉండలేదు. ఇన్నాళ్ళూ ఆ గదిలో తానొక్కతే బందీ అనుకుంది. ఇప్పుడు గొళ్ళెం తన చేతిలోనే ఉందని తెలిసింది.

ఊరికే పెడల్ తొక్కింది. మిషను కాసేపు ఆడింది. 'మంచినీళ్ళు' వెనకాల ఉండే చప్పుడు అదే. ఆ మూడు వారాల్లో ఎన్నిసార్లు ఆయన మాటకి అడ్డం వచ్చినా, తీసెయ్యమని ఆయన అనలేదు. ఆమె తల తిప్పి చూసింది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. తెర వంక కాదు, ఆమె వంకే చూస్తున్నాయి. ఫోనులో తను అన్నది ఆయన విన్నాడు. బల్ల మీది తెర ఆయనకీ కనిపిస్తూనే ఉంది, ఆ బూడిదరంగు బొత్తాంతో సహా.

ఆమె లేచి వెళ్ళి స్విచ్చు నొక్కింది. రెండు ఎర్ర చుక్కలు వెలిగాయి. ఆయన రాయడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఎవరో నున్నటి గొంతువాడు, విమానాశ్రయంలో ప్రకటనలు చదివేవాడిలా, "ఇది నేను కాదు" అన్నాడు. రెండు రోజుల్లో మొదటిసారి ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మళ్ళీ హెల్ప్‌లైన్‌కి చేసింది. అదృష్టం కొద్దీ ఆ అమ్మాయే ఎత్తింది. "ఇందాక నీతో అబద్ధం చెప్పానమ్మా. స్విచ్చు ఉంది," అంది. ఆ అమ్మాయి ఏమీ అడగకుండా, పాత సిస్టం సామానంతా ఏ ఫోల్డరులో దాచి ఉంటుందో, అందులోంచి ఆయన గొంతు ఎలా తెచ్చి పెట్టుకోవాలో ఒక్కొక్కటే చెప్పింది. నాలుగుకి పది నిమిషాలుండగా ఆయన "ఓయ్" అన్నాడు. ఆ ఐదు రకాల్లో ఇది ఏదో ఆమెకి తెలుసు. బతిమాలే రకం కాదు, కోపం రకమూ కాదు. ఊరికే, ఉన్నావా అని అడిగే రకం.

ఆఫీసరమ్మ చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చింది. పరదాల అక్కను తలుపు పక్క స్టూలు మీద కూర్చోమంది. మధ్యలో మాట్లాడకూడదని మర్యాదగానే చెప్పి, ఆయన్ని అడిగింది. ఆయన రాశాడు. లాప్‌టాప్ కూడా పరదాల అక్క లాంటిదే, రెండు అక్షరాలు పడగానే మాట ఊహించి పక్కన చూపిస్తుంది. ఆయన ఆ ఊహల వంక చూడలేదు. ఒక్కో అక్షరమే పేర్చుకుంటూ వెళ్ళి, చివర 'మాట్లాడు' వైపు చూశాడు.

"వెళ్తాను."

పరదాల అక్క దారం ముక్కను వేలికి బిగించి చుట్టుకుంది. ఆఫీసరమ్మ రాసుకుని, మీ భార్యకి కష్టంగా ఉందని వెళ్తున్నారా, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగింది. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో ఆమె ఆ జవాబుని మనసులో ఆరుసార్లు పూర్తి చేసింది. ఆమె సుఖపడాలని, ఆమెకి విశ్రాంతి కావాలని, ఆమె బయటి ప్రపంచం చూడాలని. ప్రతిసారీ దాంట్లో తనే ఉంది.

"కాదు," అంది ఆయన గొంతు. "అక్కడైతే నా మాట నేనే పూర్తి చేసుకుంటాను."

ఆమె ఊహించనిది అదొక్కటే. చెంప మీద కొట్టినట్టయింది. నోరు తెరిచింది, ఆఫీసరమ్మ చెప్పింది గుర్తొచ్చి మూసుకుంది. ఆయన అన్నది నిజం.

బుధవారం బండి వస్తుందని చెప్పి ఆఫీసరమ్మ వెళ్ళిపోయింది. ఆమె తలుపు వేసి వచ్చేసరికి ఆయన మళ్ళీ ఏదో రాస్తున్నాడు, పెట్టె మళ్ళీ వచ్చింది. 'కొన్ని మార్పులు మిగిలాయి, ఇప్పుడు పూర్తి చెయ్యాలా?' సరిగ్గా 'మాట్లాడు' మీదే కూర్చుంది. ఆమె వెళ్ళి 'తర్వాత' నొక్కింది. తెర మీద ఏముందో చదవకుండా వెనక్కి వచ్చి, మంచం పట్టె పట్టుకుని నిలబడింది.

"ఓయ్. ఆదివారం నన్ను చూడ్డానికి బస్సులో రావద్దు. కింద కారు ఉంది."

కారు నిజంగానే ఉంది, కింద ముసుగు వేసుకుని. నెలకోసారి మెకానిక్ వచ్చి ఇంజను ఆడించి పోతాడు. అమ్మెయ్యమని ఎవరు చెప్పినా ఇద్దరూ వినలేదు. ఆ కారు నా వల్ల ఎక్కడవుతుందని అనబోయింది ఆమె. ఆయన కళ్ళు ఇంకా తెర మీద కదులుతూనే ఉన్నాయి. మాట అవలేదు. ఆమె పళ్ళు బిగించి ఆగింది. కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. ఒక నిమిషం అయింది, ఇంకో నిమిషం అయింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన మాట కోసం అంతసేపు ఆమె ఎప్పుడూ నిలబడలేదు.

"పక్క సీట్లో ఎవరూ ఉండరు," అన్నాడు ఆయన.