ఏడూ నలభై బస్సులో పరిశీలకులు

ఉమాకాంతం గారు ప్రతి ఉదయం జగ్గయ్యపేటలో ఏడూ నలభై బస్సెక్కి, కళ్ళజోడు పెట్టుకుని, పక్కసీటు మనిషికి మా ప్రోగ్రాములు చదివి వినిపిస్తారు. ఆ వేళకు కొందరు విష్ణు సహస్రనామం చదువుకుంటారు, కొందరు ఫోనులో వార్తలు చూసుకుంటారు. ఈయన మాత్రం నిన్న సాయంత్రం మేం రాసి పంపిన కోడు ప్రింటు తీయించుకుని, "ఏమండీ, ఒక్క నిమిషం, ఇది మీకేమన్నా అర్థమవుతోందా?" అని మొదలుపెడతారు. బస్సు చిల్లకల్లు దాటేలోపు పక్కవాళ్ళకు అర్థం కాకపోతే అది తప్పు కోడేనని ఆయన సిద్ధాంతం. అని మేమంతా నమ్మాం.

మా ఆఫీసు నందిగామలో, ఒక మందుల షాపు పైన. మేం చేసేది ఒక పెట్టె. ఏదైనా ఆఫీసులో పది కంప్యూటర్లుంటే, పదింటి ఫైళ్ళూ వైరు మీదుగా వచ్చి ఆ పెట్టెలో భద్రంగా ఉంటాయి. దాన్నే స్టోరేజి సర్వర్ అంటారు. ఆ పెట్టెను నడిపే ప్రోగ్రాములో ఎవరేం మార్చినా ఆ మార్పుల మూటను ప్యాచ్ అంటాం. ఒకరు రాసిన ప్యాచ్‌ను ఇంకొకరు చదివి సరేనంటే తప్ప అది అసలు ప్రోగ్రాములో కలవదు. మా అందరి ప్యాచ్‌లూ చదివేది ఉమాకాంతం గారే. ముప్ఫై ఏళ్ళ అనుభవం. అయినా ప్యాచ్ కింద ఆయన రాసే అభిప్రాయాల్లో ఆయన సొంత మాట ఒక్కటీ ఉండదు. అన్నీ బస్సువాళ్ళవే.

"మిర్చి రైతు రత్తయ్య గారు అడుగుతున్నారు: దీనికి 'తాత్కాలికం' అని పేరు పెట్టారు, మూడేళ్ళ నుంచీ ఉంది. ఇంకెప్పుడు వెళ్తుంది?"

"టైలరు రోజారమణి గారు అడుగుతున్నారు: ఒక్క చొక్కాకు ఒకే జేబు నాలుగుసార్లు కుట్టారేం?"

"లారీ డ్రైవరు స్టీవెన్ గారు అడుగుతున్నారు: సగం దూరం పోయాక దారి మూసుకుపోతే వెనక్కి ఎలా వస్తారు? ఇందులో రివర్సు గేరు కనబడటం లేదు."

చిత్రమేమిటంటే ఆ అడిగిన ప్రతిదీ న్యాయంగానే ఉండేది. నోరు మూసుకుని సరిచేసుకోవడం తప్ప మాకు దారి ఉండేది కాదు.

నా పక్క కుర్చీ సుశాంత్‌కు మాత్రం ఒళ్ళు మండేది. "సార్, నేను నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివింది మిర్చి రైతు చేత తిట్టించుకోడానికా?"

"తిట్టలేదు నాయనా, అడిగారంతే. ఆయనకి సందేహం వచ్చింది."

"మరి నాకు ఆయన మిరప తోట మీద సందేహం వస్తే?"

"వస్తే మంచిదేగా. అడుగు, చెప్తారు. ఈ ఏడాది తామర పురుగు తెగ ఉందంట."

ఒకరోజు మా మేనేజరు భవానీప్రసాద్ గారికి ఈ సంగతి చెవిన పడింది. పరుగున వచ్చారు. "ఏంటండీ ఇది! కంపెనీ కోడు బస్సులో చదివి వినిపిస్తారా? మన రహస్యాలు బయటికి పోవూ?"

"పోవండి," అన్నారు ఉమాకాంతం గారు విచారంగా. "మన కోడు ఎంత చదివినా ఎవ్వరికీ అర్థం కావట్లేదు. నా బాధ కూడా అదే."

భవానీప్రసాద్ గారు టీ తాగడానికి కిందికి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఈ పరిశీలకుల సంఖ్య రెట్టింపయింది. నాది నందిగామ దగ్గరి కీసర. నేను విజయవాడ వైపు నుంచి వచ్చేదాన్ని, ఆయన హైదరాబాదు వైపు నుంచి. కనుక ఆ మహాసభను నేనెప్పుడూ కళ్ళారా చూడలేదు.

ఇక నా సంగతి. నేను చేరి ఆరు నెలలయింది. ఉద్యోగం ఖాయమవుతుందా లేదా అన్నది ఒక్క ప్యాచ్ మీద ఆగింది. "శుక్రవారానికి నీ ప్యాచ్ కలిస్తే నీకు ఆర్డరు ఇస్తా, ఆమనీ. సోమవారం పెట్టె కోర్టు పక్కన లాయర్ల ఆఫీసుకి వెళ్ళాలి. కలవకపోతే మాత్రం పైవాళ్ళకి నేనేం చెప్పలేను," అన్నారు భవానీప్రసాద్ గారు.

ఆ ప్యాచ్‌తో ప్రోగ్రాము కొత్తగా చేసే పని ఏమీ లేదు. చేసే పనే చేస్తుంది, లోపల మాత్రం సర్దుతాం. వంటింట్లో నాలుగు మూలలా ఉన్న డబ్బాలను ఒక్క అలమరలోకి చేర్చినట్టు. ఫైలు దాచే పనిని మా ప్రోగ్రాములో నాలుగు చోట్ల నాలుగు రకాలుగా రాసి ఉంచారు. నేను నెలరోజులు కూర్చుని ఆ నాలుగింటినీ ఒక్కటి చేశాను. పన్నెండు వందల లైన్లు నాలుగు వందలయ్యాయి. చూసుకుంటే ముగ్గు వేసినట్టుంది. బుధవారం సాయంత్రం ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని పంపేశాను.

గురువారం తొమ్మిదింటికల్లా దాని కింద ఒక్కటే అభిప్రాయం వచ్చింది.

"గాజులమ్మే ఖాదర్‌బీ గారు అడుగుతున్నారు: నా మూట బస్సెక్కకముందే 'ఎక్కించేశా' అని కండక్టరు చెప్పాడనుకోండి. ఆ మాట నమ్మి నేను నా సీట్లో కూర్చున్నా. ఇంతలో బస్సు కదిలిపోతే నా మూట ఎక్కడుంటుంది?"

సుశాంత్ నా భుజం మీదుగా చదివి పకపకా నవ్వాడు. "నీ వంతు కూడా వచ్చిందా? గాజుల మూట!"

నేనూ నవ్వాను. నవ్వుతూనే కోడు తెరిచాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. నాలుగింటినీ కలపడంలో నేను వరస తారుమారు చేశాను. పెట్టె ముందుగా "ఫైలు దాచేశాను" అని జవాబిస్తోంది, ఆ తర్వాత తీరిగ్గా డిస్కు మీద రాస్తోంది. ఆ మధ్యలో కరెంటు పోతే? లాయరు గారు దావా కాగితం భద్రంగా ఉందనుకుని ఇంటికి వెళ్ళిపోతారు. పెట్టెలో చూస్తే ఏమీ ఉండదు. నందిగామలో కరెంటు పోవడానికి ముహూర్తం అక్కర్లేదు కదా. సోమవారం ఆ పెట్టె అలాగే వెళ్ళి ఉంటే నా ఉద్యోగం సరే, ఎవరి పొలం తగాదా ఏమయ్యేదో!

ఆ రోజు అన్నం కూడా సరిగా తినకుండా వరస సరిచేశాను. చేస్తుంటే మధ్యలో ఎవరో నా బల్ల మీద రెండు ఇడ్లీల పొట్లం పెట్టి వెళ్ళారు. సాయంత్రానికి ఉమాకాంతం గారు "సరే" అన్నారు.

శుక్రవారం మీటింగులో భవానీప్రసాద్ గారు కాగితాలు తిరగేస్తూ ఆగారు. "మొదట పంపినదాంట్లో పెద్ద తప్పేదో ఉన్నట్టుందే? ఏంటది?"

ఉమాకాంతం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఖాదర్‌బీ గారికి తన మూట గురించి చిన్న అనుమానం వచ్చిందండి. ఆవిడ అడగ్గానే అమ్మాయి ఒక్క రోజులో తీర్చేసింది," అన్నారు.

"ఏం మూట?"

"గాజుల మూటండి."

గదంతా నవ్వులు. భవానీప్రసాద్ గారు కూడా తల పట్టుకుని నవ్వి, నవ్వుతూనే నా ఆర్డరు మీద సంతకం పెట్టారు. ఆ తప్పేంటని మళ్ళీ ఎవరూ అడగలేదు.

దేవుడు మనిషి రూపంలో వస్తాడని మా అమ్మ అంటుంది. నా విషయంలో గాజులమ్మే ఖాదర్‌బీ గారి రూపంలో వచ్చాడు. దణ్ణం పెట్టి రావాలి కదా! ఆదివారం కిలో లడ్డూలు కట్టించుకుని జగ్గయ్యపేట వెళ్ళాను. బస్టాండు దగ్గర అడిగితే గాజుల ఖాదర్‌బీ ఇల్లు ఇట్టే చూపించారు. ఆవిడ మంచం మీద కూర్చుని ఉన్నారు. కాలికి కట్టు.

నేను సంగతంతా చెప్పి లడ్డూలు చేతిలో పెట్టాను. ఆవిడ అయోమయంగా చూశారు.

"గురువారం అడిగానా నేను? నేను బస్సెక్కి నెలయింది తల్లీ. కాలు బెణికి ఇట్టా పడున్నా."

"మరి ఉమాకాంతం గారు మీకు కోడు చదివి వినిపించరా?"

"అమ్మో, ఆయనా! మొదట్లో వినిపించేవాడు. నాలుగు రోజులు విన్నా. 'అయ్యా, మీకో దణ్ణం, నాకు నిద్దరొస్తంది' అన్నా. అప్పట్నించీ కిటికీ పక్కన కూచుని తనలో తనే గొణుక్కుంటాడు. నేనొచ్చేసరికి నా మూటకి చోటు మాత్రం ఆపి ఉంచుతాడు, పాపం."

"రత్తయ్య గారో?"

"రత్తయ్యా? ఎక్కగానే గురక పెడతాడు. చిల్లకల్లులో లేపి దింపాలి. ఆయన అడగటమేంది?" అని ఖాదర్‌బీ గారు పడీపడీ నవ్వి, నాకు సగం లడ్డూలు తిరిగి కట్టిచ్చారు.

సోమవారం పెట్టె లాయర్ల దగ్గరికి వెళ్ళింది. అందరూ టీకి దిగాక నేను ఉమాకాంతం గారి బల్ల దగ్గర నిలబడ్డాను.

"ఖాదర్‌బీ గారు మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారండి. కాలు ఇంకా తగ్గలేదంట."

ఆయన మొహం చూడాలి! పరీక్షలో కాపీ కొడుతూ దొరికిన పిల్లాడే.

"అబద్ధం కదండీ?" అన్నాను.

"సగమే అబద్ధమమ్మా. మొదట్లో వాళ్ళు నిజంగానే అడిగేవాళ్ళు. తర్వాత వాళ్ళు మానేశారు, నేను మానలేకపోయా." కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "నా మొదటి ఉద్యోగంలో నన్ను నిలబెట్టి, నా తప్పు ముప్ఫై మంది ముందు చదివారు. వాళ్ళు చెప్పింది కరెక్టే. కానీ వారం రోజులు నా చెవికేం ఎక్కలేదు. అదే, బస్సులో ఎవరో అడిగారంటే నవ్వొస్తుంది. నవ్వుకుంటూ కోడు తెరుస్తారు."

ఆయన మెట్ల వైపు ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించారు.

"ఎట్టాగూ తెలిసిపోయింది కాబట్టి ఒక్క సాయం చెయ్యాలి ఆమనీ. సుశాంత్ ప్యాచ్ పొద్దున చూశా. ఏడు తప్పులున్నాయి. అన్నీ మా బస్సువాళ్ళే అడిగారంటే వాడు నమ్మడు. మీ కీసర బస్సులోంచి ఓ ముగ్గుర్ని సర్దుతావా?"