కాక రేసు కారులో నానమ్మ గొంతు

మా చిన్నప్పుడు... జహీరాబాద్‌లో మా కాక కారు వస్తోందంటే మలుపు తిరగకముందే వీధంతా తెలిసిపోయేది. కాక అంటే మా నాన్న తమ్ముడు. బీదర్‌లో ఎవరో వాడి వదిలేసిన ఎర్ర కారు అది... రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టు ఉండేది. పిల్లలం దాన్ని రేసు కారు అనేవాళ్లం. పరుగుకు తక్కువ లేదు, అరుపుకు అసలే తక్కువ లేదు. బొంబాయి రోడ్డెక్కితే చిరాగ్‌పల్లి దాకా ఒక్క బస్సును ముందుండనిచ్చేవాడు కాదు కాక.

లోటల్లా పాటలే. టేపురికార్డరుకు ఒకే స్పీకరు... అదీ జలుబు చేసినట్టు పలికేది. సుగుణత్త పెళ్లి కుదిరేదాకా కాక ఆ సంగతే పట్టించుకోలేదు.

సుగుణత్త ఆ అన్నదమ్ములిద్దరికీ ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్లికొడుకుది న్యాల్‌కల్. చీరలు, నగలు ఏం తెస్తున్నారని ఒక్క మాట అడగలేదు ఆవిడ. ఒకటే కోరింది.

"అన్నా, నన్ను నీ కార్లనే తోలుకపో. అమ్మ క్యాసెట్ పెట్టు. అమ్మే అత్తగారింటికి సాగదోలినట్టుంటది."

నానమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసురుతూ ఆమె పాడుకుంటుంటే, ఆమెకు తెలియకుండా పక్కన టేపురికార్డరు పెట్టి కాక ఒకసారి రికార్డు చేశాడు. ఆమె గొంతు మాకు మిగిలింది అందులోనే...

కొత్త సెట్టు కొనే తాహతు లేదు. అసలే పెళ్లి ఇల్లు. కాక పాత సామాన్ల కొట్టుకు వెళ్లి, మైకు సెట్టువాళ్లు అమ్మేసుకున్న పెద్ద స్పీకర్లు రెండు తెచ్చాడు. స్పీకరును కుండ మూతి మీద పెడితే దెబ్బ గట్టిగా వస్తుందని మా వైపు అందరికీ తెలుసు. పెళ్లిలో పూజకు పెట్టే ఐరేని కుండలు తెమ్మని కుమ్మరింటికి పంపితే, కాక రెండు కుండలు ఎక్కువే తెచ్చుకున్నాడు.

"కుండలు పెండ్లికి తెచ్చినవా, కారుకు తెచ్చినవా?" అని మా అమ్మ దెప్పింది.

"జర చూడు వదినా, జహీరాబాద్ మొత్తం ఇంటది" అన్నాడు కాక.

వెనక సీటు వెనకాల బొంత పరిచి, కుండలు పెట్టి, కదలకుండా పాత బట్టలు కుక్కాడు. ముందు ఏదో చిందు పాట పెట్టాడు. వంటింట్లో గ్లాసులు గలగలమన్నాయి. వీధిలో వాళ్లంతా వచ్చి "ఏం దమ్మున్నదిరా!" అన్నారు. కాక మీసం తిప్పాడు.

తర్వాత అత్త క్యాసెట్ తెచ్చి ఇచ్చింది.

గరగర... గరగర... ఇసుర్రాయి ఒక్కటే. కుండలు రాయి చప్పుడును పెంచి నానమ్మను మింగేశాయి. ఎక్కడో బావి అడుగున ఎవరో మూలుగుతున్నట్టు ఉంది, అంతే.

"ఇందుల అమ్మ ఏది అన్నా?" అంది అత్త.

"జర ఆగు" అని కాక సౌండ్ పెంచాడు. రాయి ఇంకా గట్టిగా తిరిగింది. అత్త లోపలికి వెళ్లిపోయింది. పెళ్లి ఎల్లుండి. కాక ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

సాయంత్రం నాన్న వచ్చి కారులోకి తొంగి చూశాడు. "చిందేసెటందుకు కుండలు గావాలె గని, అమ్మ మాట ఇనెటందుకు ఎందుకురా? తీసెయ్."

ఇంట్లో మూలన పడున్న రేడియోను విప్పి, అందులోంచి అరచేతంత స్పీకరు తీసి, వెనక సీటులో తల ఆనేచోట బిగించారు ఇద్దరూ. దమ్మూ లేదు, దెబ్బా లేదు. కానీ రాయి వెనక్కి తగ్గింది, నానమ్మ ముందుకొచ్చింది... అదీ ఇంజను ఆపి ఉంటేనే. స్టార్ట్ చేస్తే ఆ అరుపులో గొంతు మళ్లీ మునిగిపోయేది. ఇంక తన చేతిలో లేదన్నాడు కాక.

పెళ్లయింది. నానమ్మ లేదు కాబట్టి ఒడిబియ్యం మా అమ్మే పోసింది. అత్తకు తోడుగా నన్ను పంపారు. ముందు సీటులో కాక పక్కన పెళ్లికొడుకు, వెనక అత్త, నేను. కాక క్యాసెట్ పెట్టాడు.

న్యాల్‌కల్ దాకా కారును రెండో గేరు దాటించలేదు మా కాక. చప్పుడు లేకుండా, నడిచినట్టు పోనిచ్చాడు. చెరుకు ట్రాక్టర్లు మమ్మల్ని దాటిపోయాయి. ఒకాయన ఆగి "ఏమైందన్నా, ఖరాబైందా?" అని అడిగాడు.

"ఏం గాలె, నువ్వు పో" అన్నాడు కాక.

పాట మధ్యలో రాయి ఆగింది. నానమ్మ మాట వినబడింది... "సుగుణా, పొయ్యి మీద పాలు జూస్తున్నవా? పొంగినయంటే ఈపు పగుల్తది."

ఆ మాట అందులో ఉందని మా అందరికీ తెలుసు. అయినా అత్త "చూస్తున్ననే అమ్మా" అనేసింది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది... అప్పగింతల్లో కూడా ఏడవని మనిషి. కాక క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. న్యాల్‌కల్ చేరేసరికి ఆ పాలు నాలుగుసార్లు పొంగబోయాయి.

ఇప్పుడు నా కారులో తలుపు తలుపుకూ స్పీకరుంది. ఏ పాట కావాలంటే ఆ పాట వస్తుంది. మొన్న ఫోన్ నిండిపోయిందని అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ తీసేశాను... "తిన్నవా బిడ్డా" అన్నవి కూడా. తీసేశాక గానీ బుద్ధి రాలేదు.

మీ దగ్గర ఇంట్లోవాళ్ల గొంతు ఎవరిదైనా ఉందా? ఏమంటుందో కింద రాయండి... ఎంత చిన్న మాటైనా సరే.