తాళంలో కొబ్బరి నూనె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. స్కూల్లో పిల్లలు భయపడతారు, ఇంట్లోవాళ్ళు సర్దుకుపోతారు. అదేదో గొప్ప అనుకునేదాన్ని, మొన్న డిసెంబరు దాకా.

ఆ చలి రోజుల్లో పొద్దున్నే బయల్దేరబోతే కారుకి డ్రైవరు వైపు తాళం తిరిగేది కాదు. రిమోటు లేని పాత బండి. ఎడమ తలుపు తీసి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, గేరు రాడ్డు మీదుగా అటు పాకాల్సి వచ్చేది. ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చి మరీ చూసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

సెలవు రోజు చూసి అమలాపురం నుంచి మెకానిక్‌ని ఇంటికే పిలిపించాను. అతను తలుపు లోపలి అట్ట ఊడదీసి, తాళంచెవి దూర్చే ఆ చిన్న సిలిండర్‌ని బయటికి లాగాడు. వేలితో రాసి, వాసన చూసి నవ్వాడు.

“కొబ్బరి నూనె పోసేరండి మేడమ్. చలికి పేరుకుపోయి, దుమ్ము కలిసి జిగురైపోయిందండి. కొత్తది వేసేద్దామండి.”

నా నోరు ఊరుకుందా?

“తలకి రాసుకునే నూనె తాళంలో పోస్తారా! ఇంగితం ఉండక్కర్లేదూ? ఎవరో గానీ వాళ్ళ చేతులు విరగ్గొట్టాలి.”

అరుగు మీద కుర్చీలోంచి మా మావగారు లేచారు. సఖినేటిపల్లి రేవులో బళ్ళనీ మనుషుల్నీ గోదావరి దాటించే పంటు మీద పనిచేసిన మనిషి. ఉప్పుగాలికి గొలుసుల తాళాలు తుప్పు పట్టకుండా జీవితమంతా కొబ్బరి నూనె వేసిన మనిషి. మా తలుపు బందులకీ, బీరువాకీ, ఆఖరికి నా కుట్టుమిషనుకీ ఆయన చేతి నూనే. ఆ క్షణం దాకా అది నాకు తట్టనే లేదు.

“నేనేనమ్మా,” అన్నారు. “తాళం గరగరమంటోంది, నీకు స్కూలుకి లేటైపోద్దని రోజూ తెల్లారగట్ట ఓ చుక్క వేసేను. ఇలా అవుద్దనుకోలేదమ్మా.”

మెకానిక్ తల వంచుకుని పని చేసుకున్నాడు.

“మీరని తెలీదు మావయ్యగారూ,” అన్నాను. అది ఇంకా సిగ్గుచేటు. పరాయివాళ్ళయితే అనొచ్చనేగా దానర్థం! కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పిల్లల చేత బోర్డు మీద రాయించేది నేనే.

కొత్త సిలిండర్‌తో కొత్త తాళంచెవి వచ్చింది. ఇప్పుడు తలుపుకొకటి, ఇంజనుకొకటి. తాళం చక్కగా తిరుగుతోంది.

ఆ ఆదివారం మావయ్యగారిని చర్చికి తీసుకెళ్ళాలని బండి బయటికి తీశాను. స్టీరింగ్ ముందు కూర్చుని ఎంతసేపు చూసినా ఆయన ఎక్కరు. భుజం మీది తువ్వాలుకి చేతులు తుడుచుకుంటూ తలుపు పక్కనే నిలబడ్డారు.

“ఎక్కండి మావయ్యగారూ, ప్రార్థన మొదలైపోతుంది.”

“ఆయ్, ఎక్కుతానమ్మా. కాస్త నువ్వొచ్చి తలుపు తియ్యి. నా చేతికి నూనేమన్నా ఉందేమో.”

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే భయపడి అన్నారు. దిగి వెళ్ళి తీశాను. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.