నెత్తురు ముత్యం

సిరిసిల్లలో పుట్టినవాడికి నోటితో పెద్దగా పనుండదు. ఏ వీధిలో చూసినా సాంచెలు టకటకలాడుతుంటాయి. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి పనివాళ్లు సైగలతోనే బీడీ అడుగుతారు, సైగలతోనే కొట్లాడుకుంటారు. అలాంటి ఊళ్లో, పద్మశాలి ఇంట్లో, గడియసేపు మాట్లాడకపోతే కడుపు ఉబ్బిపోయే ముత్యం పుట్టాడు. దేవుడు ఇంకెవరి చిరునామాకో పంపాల్సినవాణ్ని ఇక్కడ దించి ఉంటాడు.

సాంచె అంటే మరమగ్గం. దాన్ని నడిపేవాడు కళ్లు దాని మీదే పెట్టాలి. పోగు తెగితే ఆపి ముడెయ్యాలి, కండె అయిపోతే మార్చాలి. ముత్యమేమో పక్కవాడి చెవిలో నోరు పెట్టి, మేనమామ పెళ్లిలో పప్పు మాడిన కథ చెబుతుండేవాడు. ఈలోగా పోగు తెగేది, బట్ట మీద చెయ్యి దూరేంత సందు పడేది. రాజలింగం సేటు నెత్తీ నోరూ కొట్టుకుని పనిలోంచి తీసేసేవాడు, మళ్లీ జాలిపడి పిలిచేవాడు. మధ్యలో ముత్యం అద్దకం పనికి పోతే అక్కడా కబుర్లే. ఎర్రగా రావాల్సిన నూలు నల్లగా వచ్చింది. బస్టాండులో సోడాలు అమ్మితే, తాగినవాడి ఊరూ పేరూ బంధువర్గమంతా అడిగి పైసలు అడగడం మరిచిపోయాడు.

"నీ కొడుకు ఏం చేస్తడే శంకరవ్వా?" అని వాడకట్టులో ఎవరైనా అడిగితే, తల్లి ముఖం పక్కకు తిప్పుకుని "తిరుగుతడు" అనేది. సేటు తిట్లు ముత్యానికి ఒంటికి అంటేవి కావు గానీ, ఆ ఒక్క మాట గుండెలో గుచ్చుకునేది. పైకి నవ్వేవాడు. తాను ఏ పనికి పుట్టాడో ఎవరైనా చెబితే బాగుండునని లోపల ఒకటే దిగులు.

అటువంటి రోజుల్లో దేవదాస్ సారు దిగాడు. కోరుట్లలో మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పే మనిషి, డాక్టరేటు కోసం పరిశోధన చేస్తున్నాడు. ఏ గ్రూపు నెత్తురున్నవాళ్లకు ఏ పని అచ్చివస్తుంది, అసలు అలాంటి సంబంధం ఉందా లేదా అన్నది ఆయన తేల్చుకోవాల్సిన సంగతి. నేతగాళ్లనూ గీతగాళ్లనూ దుకాణదారులనూ పట్టుకుని వేలు మీద సూదితో పొడుస్తాడు. గాజు పలక మీద నెత్తుటి చుక్కలు వేసి, ఒకదానిలో నీలం మందు, ఇంకోదానిలో పసుపు మందు, మూడోదానిలో రంగులేని మందు కలుపుతాడు. పాలు విరిగినట్టు ఏ చుక్క విరిగితే దాన్నిబట్టి గ్రూపు. ఆ తర్వాత, "నీకు యంత్రం బాగుచెయ్యడం ఇష్టమా, మనుషులతో మాట్లాడడం ఇష్టమా" అంటూ ప్రశ్నలు.

ముత్యం ఎగిరి గంతేసినంత పని చేశాడు. "సారూ, మొదలు నా ఏలు పొడువుండ్రి. నేను ఏ పనికి పనికొస్తనో చెప్పుండ్రి."

"బి పాజిటివ్. మిగతాది పరిశోధన అయినంక చెప్త. అప్పటిదాకా నా ఎంబడి రా" అన్నాడు సారు.

సారుకు అవసరం అలా వచ్చింది మరి. అవి ఊళ్లలో నక్సలైట్ అన్నలు తిరిగే రోజులు, అన్నల కోసం పోలీసులు తిరిగే రోజులు. సంచి పట్టుకుని పేరూ వయసూ అడిగే కొత్త మనిషిని చూస్తే, ఒకరు పోలీసుల మనిషి అనేవారు, ఇంకొకరు అన్నల మనిషి అనేవారు, ఇద్దరూ తలుపు మాత్రం వేసుకునేవారు. ముత్యం వెళ్లి నిలబడితే తలుపు తెరుచుకునేది. కొడిమ్యాలలో బుచ్చన్న అనే గీత కార్మికుడు, ఆకాశమంత తాడిచెట్టు ఎక్కి దిగేవాడు, సూది చూసి చెట్టెక్కే ముస్తాదు అక్కడే వదిలి పరుగందుకున్నాడు.

"ఓ బుచ్చన్నమామా! చీమ కుట్టినంత. కుట్టిందా లేదా నాకు చెప్పు, లేకుంటే నా ఏలు పొడువు!" అని ముత్యం వెంటపడి, ఆయన కోడళ్ల సంగతులూ బర్రె ఈనిన సంగతీ మాట్లాడించి, ఆ మాటల్లోనే పని కానిచ్చేశాడు. బుచ్చన్నది ఓ నెగెటివ్. "వందకు ఒక్కరో ఇద్దరో ఉంటరు" అన్నాడు సారు. ముత్యం బుచ్చన్నను కొత్త పెళ్లికొడుకును చూసినట్టు చూశాడు.

అప్పటినుంచి ముత్యానికి మనుషులు ఇంటిపేర్లతో కాక గ్రూపులతో గుర్తుండసాగారు. కోరుట్ల బజారులో ఎదురుపడినవాణ్ని "ఏమన్నా ఎ పాజిటివ్, మంచిగున్నవా?" అని పలకరించేవాడు. జనం నవ్వి, నెత్తురు ముత్యం అని పేరు పెట్టారు.

సిరిసిల్ల ఊరుకుంటుందా? జాతకాలు చూసే అలవాటున్న ఊరు. మంచి నేతగాళ్లందరిదీ బి గ్రూపేనని ఎవరో పుకారు లేపారు. రాజలింగం సేటు బి వాళ్లకే సాంచెలిస్తానన్నాడు. పిల్ల నక్షత్రంతో పాటు గ్రూపు కూడా కనుక్కొమ్మని ముసలమ్మలు పెళ్లిళ్ల పేరయ్యలకు చెప్పారు. దేవదాస్ సారు బస్సు దిగి పరుగున సేటు దగ్గరికి పోయి దండం పెట్టాడు. "ఇంకా ఏం తేలలేదు సేటూ! జర ఆగు!"

ముత్యం మాత్రం సంబరపడ్డాడు. తనదీ బి గ్రూపే కదా! ఏదో ఒకరోజు సాంచె తన మాట వింటుంది.

ఏడాది గడిచాక సారు వచ్చి, హోటల్లో చాయ్ ముందు కూర్చుని, మెల్లగా చెప్పాడు. "లెక్కలన్నీ చూసిన ముత్యం. నెత్తురుకూ పనికీ ఏ సంబంధం లేదు."

"ఏమీ లేదా సారూ?"

"ఏమీ లేదు."

"మరి నేను దేనికి పనికొస్త?"

సారు లెక్కల కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. ముత్యం చాయ్ చల్లారిపోయింది. జీవితంలో మొదటిసారి ఇంటిదాకా ఎవరితోనూ మాట్లాడకుండా నడిచాడు. మర్నాడు మళ్లీ సేటు సాంచె ముందు నిలబడ్డాడు.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక పగటిపూట, కండెలు చుట్టే చిన్నవ్వ కొంగు నేల మీద ఈడుస్తూ సాంచెల మధ్యకు ఏడుస్తూ వచ్చింది. కూతురు ఊర్మిళ జగిత్యాల దవాఖానలో కన్నది. పిల్ల బాగుంది గానీ తల్లికి నెత్తురు ఆగడం లేదు. ఎక్కించడానికి ఇంట్లో ఎవరి నెత్తురూ కలవలేదు.

"ఏం గ్రూపన్నరు చిన్నవ్వా?"

"ఓ... ఏందో నెగెటివ్ అన్నరు బిడ్డా."

ముత్యం సాంచె ఆపలేదు, సేటుకు చెప్పలేదు. వేములవాడ బస్సు పట్టుకుని, అక్కడినుంచి లారీ ఎక్కి, కొడిమ్యాలలో తాడిచెట్టు కింద నిలబడి గొంతు చించుకున్నాడు. "బుచ్చన్నమామా, దిగు! నీ నెత్తురు కావాలె!"

పైన బుచ్చన్న మోకు గట్టిగా పట్టుకున్నాడు. "నేన్ దిగ! చెట్టు మీదనే సస్త గానీ ఆ సూది దగ్గరికి రాను!"

"పసిపిల్ల తల్లి సస్తది మామా."

బుచ్చన్న దిగాడు.

ఇద్దరూ జగిత్యాల పోయే జీపెక్కితే, మల్యాల దాటాక పోలీసులు దాన్ని ఆపారు. ఒకడి నడుముకు గీత కత్తి, ఇద్దరి ముఖాల్లోనూ కంగారు, అడిగితే నెత్తురు ఇవ్వడానికి పోతున్నామంటారు. అడవిలో గాయపడిన అన్నలకేనని ఎస్సై తేల్చేశాడు. "ఎవడికిరా నెత్తురు? పేరు చెప్పు!"

"ఊర్మిళ సారూ! మా వాడకట్టు ఆడిబిడ్డ. మీరే మమ్ముల తోలుకపోండ్రి. ఆమె మంచం మీద లేకుంటే నన్ను ఆడ్నే లోపటెయ్యిండ్రి. గానీ నిలబెట్టి అడిగితే ఆమె పాణం పోతది. అవునూ, మీది ఏ గ్రూపు సారూ?"

ఎస్సై ముఖం చూడాలి! ఆయనకు తన గ్రూపు తెలియదు. తిట్టబోయి ఆగి, కానిస్టేబులును తోడిచ్చి పోలీసు జీపులోనే పంపించాడు. జీపు రాజమర్యాదలతో దవాఖాన ముందు ఆగింది. సూది దిగుతుంటే బుచ్చన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ముత్యం ఆయన చెయ్యి పట్టుకుని, పప్పు మాడిన పెళ్లి కథ మొదటినుంచీ మళ్లీ చెప్పాడు. కథ అయ్యేసరికి సీసా నిండింది. ఊర్మిళ బతికింది. చిన్నవ్వ ముత్యం కాళ్ల మీద పడబోతే, "నావి కాదవ్వా, మామ కాళ్లు మొక్కు" అని పక్కకు జరిగాడు. తిరిగి వచ్చేముందు కానిస్టేబులు గ్రూపు కూడా కనుక్కున్నాడు.

సేటు ఈసారి నిజంగానే పని మాన్పించాడు. ముత్యం బస్టాండులో చాయ్ కొట్టు పెట్టుకున్నాడు. జగిత్యాల నుంచో కోరుట్ల నుంచో డ్రైవర్లు ఫలానా గ్రూపు నెత్తురు కావాలని దవాఖాన కబురు మోసుకొచ్చేవారు. ముత్యం కాసేపు కళ్లు మూసుకుని, ఆ గ్రూపు మనిషి ఏ ఊళ్లో, ఏ పనిలో ఉంటాడో తలచుకుని, స్టవ్వు తల్లికి అప్పగించి బస్సెక్కేవాడు. ఆ మనిషి రానంటే వచ్చేదాకా మాట్లాడేవాడు.

కొన్నేళ్లకు దేవదాస్ సారు, ఇప్పుడు డాక్టర్ దేవదాస్, కొట్టు దగ్గరికి వచ్చాడు. దేనికి పనికొస్తనని ముత్యం అడిగిన ప్రశ్న ఇన్నాళ్లూ ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. జవాబు దొరికిందని చెప్పాలని బయలుదేరి వచ్చాడు. కొట్టులో శంకరవ్వ ఒక్కతే గ్లాసులు కడుగుతోంది.

"ముత్యం ఏడి అవ్వా? తిరగపోయిండా?"

ముసలామె గ్లాసు పక్కన పెట్టి, తల ఎత్తి సూటిగా చూసింది.

"తిరగపోవుడేంది సారూ? నా కొడుకు పనికి పోయిండు."

సారు బల్ల మీద కూర్చుని, ఆమె ఇచ్చిన చాయ్ వేడివేడిగా తాగాడు.