శబ్దానికి పద్దు లేదు

నేను అమలాపురంలో కాలేజీ లైబ్రరీలో చేరింది తొంభైల మొదట్లో. కాలేజీకీ, పక్కనే విశ్వవిద్యాలయం వాళ్ళు నడిపే పీజీ సెంటరుకీ కలిపి ఒకటే లైబ్రరీ. పేరుకు నేను అసిస్టెంటుని. పై పోస్టు ఖాళీగా ఉండిపోవడంతో పుస్తకాలు కొనడం, చిరిగినవి కుట్టించడం, చెదల మందు కొట్టించడం, వీటన్నిటికీ లెక్క చెప్పడం నామీదే పడ్డాయి. లైబ్రరీ ఉద్యోగమంటే నీడపట్టున కూర్చుని చదువుకోవడమేనని మా రాజోలు చుట్టాలు అనుకునేవారు. నేను చదివినవి ఎక్కువగా కొటేషన్లు.

మా ఊళ్ళలో కాగితానికి గాలే శత్రువు. సముద్రం దగ్గర, చుట్టూ కాలవలు. వానాకాలంలో అట్టలు పొంగిపోయేవి, పేజీలు అంటుకుపోయేవి. మార్చి వచ్చేసరికి ఇచ్చిన డబ్బు ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుందని హడావిడి. ఆ హడావిడిలో ఎవరికీ పట్టనిది ఒకటుండేది. చివరి గదిలో ఒక ఇనప బీరువా. దాని నిండా క్యాసెట్లు.

అవి ఒక సంస్కృతం మాస్టారు సేకరించినవి. నేను చేరకముందే ఆయన కాలం చేశారు. అగ్రహారాల్లో పెద్ద పండితులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారని ఆయనకు దిగులట. సెలవు రోజుల్లో టేపురికార్డరు సంచిలో పెట్టుకుని, బస్సులూ, రేవు దాటించే పంట్లూ ఎక్కి ఊరూరా తిరిగి, వాళ్ళు చెప్పే వేదం రికార్డు చేసుకొచ్చేవారు. ప్రతి క్యాసెట్టు మీదా ఊరూ, పండితుడి పేరూ గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టారు. ఆయన పోయాక ఆ బీరువా తాళం చేతులు మారి నా దగ్గరికొచ్చింది.

ఒక శ్రావణమాసం మధ్యాహ్నం మా అటెండరు వచ్చి, "మేడమండీ, ఎవరో పెద్దావిడ వచ్చేరండి. మిమ్మల్నే అడుగుతున్నారండి," అన్నాడు.

సన్నగా, పొట్టిగా ఉన్నారావిడ. తడిసిన గొడుగు గుమ్మం బయటే ఆనించి, కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చారు. కొత్తపేట దగ్గర అగ్రహారం నుంచి బస్సులో వచ్చారట.

"మా వారి గొంతు మీ దగ్గరుందిటమ్మా. ఘనపాఠిగారు. ఆయన పోయి ఏడాది తిరిగింది. ఒక్కసారి వినిపిస్తావేమోనని వచ్చేను," అన్నారు.

వెతికితే దొరికింది. చివరి గదిలో కుర్చీ వేసి, టేపురికార్డరు బల్లమీద పెట్టి మీట నొక్కాను. ఘనపాఠిగారి గొంతు గంభీరంగా లేచింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ఇళ్ళలో వేదం పెళ్ళిళ్ళప్పుడు పురోహితుడి నోట వినడమే. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పురాణానికి వెళ్ళినవాళ్ళలా కూర్చున్నారు. కళ్ళలో నీళ్ళు లేవు. ఇంత దూరం వచ్చి ఇంత నిబ్బరంగా ఉన్నారేమిటా అనుకున్నాను.

పాఠం అయిపోయింది. మాస్టారు మీట ఆపడం మర్చిపోయినట్టున్నారు, టేపు తిరుగుతూనే ఉంది. ఎక్కడో కాకి అరిచింది. ఘనపాఠిగారు దగ్గారు. తరవాత వేరే మనిషిదా అన్నంత మామూలు గొంతుతో, "ఏవేఁ, కాసిని మంచినీళ్ళిలా పట్రా," అన్నారు. లోపలెక్కడినుంచో ఒక ఆడగొంతు, "ఆఁ, వస్తున్నా," అంది. గ్లాసు చప్పుడు. అంతే, టేపు టక్కున ఆగింది.

అప్పుడు ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

కాసేపటికి తేరుకుని, "నా పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదమ్మా. పెళ్ళయిన దగ్గర్నించీ అదే పిలుపు. ఆ పాఠానికేం, మా వాళ్ళలో చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇలా పిలిచేవాళ్ళే లేరు," అన్నారు.

ఆ తరవాత తరచూ వచ్చేవారు. వచ్చినప్పుడల్లా పెరట్లో కరివేపాకు ఇంత కాగితంలో చుట్టి తెచ్చేవారు. నేను మామ్మగారూ అని పిలవడం మొదలుపెట్టాను. చివరి ముక్క ఒక్కటే వినిపించనా అంటే ఒప్పుకునేవారు కాదు. "ఆయన పాఠం చెప్పుకోనీ. ఆ తరవాతే కదా దాహం వేసేది," అనేవారు. మొదటినుంచీ చివరిదాకా కూర్చునేవారు.

బజార్లో ఇంకో క్యాసెట్టు మీదకి ఎక్కించి ఇప్పిస్తానని చెప్పాను. వద్దన్నారు.

"ఇంట్లో ఉంటే పొద్దస్తమానం అదే వింటూ ఏడుస్తూ కూర్చుంటానమ్మా. కోడలు బెంగపెట్టుకుంటుంది. ఇక్కడైతే బస్సెక్కి వస్తాను, వింటాను, మళ్ళీ బస్సెక్కి పోతాను. అది చాలు."

ఆ మాట నాకు బాగా అర్థమైంది. మా ఆయన అప్పట్లో మస్కట్‌లో పనిచేసేవారు. ఫోను చెయ్యడం తలకు మించిన ఖర్చు కాబట్టి క్యాసెట్లో మాట్లాడి, సెలవుకొచ్చే ఊరివాళ్ళ చేత పంపేవారు. విన్నాక అదే క్యాసెట్టు మీద నేను మాట్లాడి తిప్పి పంపేదాన్ని. నా మాటలు ఎక్కుతుంటే ఆయన మాటలు చెరిగిపోయేవి. అందులో బాధపడాల్సింది ఉందని అప్పుడు తోచలేదు. ఆయనకి నా గొంతు అందుతోంది, నాకు ఆయన గొంతు అందుతోంది, అంతే.

తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చింది. దాని సంగతి కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. తెల్లారి కాలేజీకి వెళ్ళబోతే దారికి అడ్డంగా కొబ్బరిచెట్లు, వాటి మీద కరెంటు తీగలు. లైబ్రరీ పైకప్పు రేకులు సగం లేవు. చదువుకునే గదిలో మోకాలి లోతు నీళ్ళలో పుస్తకాలు తేలుతున్నాయి. ముమ్మిడివరం వైపునుంచి వినబడే చావు కబుర్ల ముందు పుస్తకాల గురించి ఏడవడానికి సిగ్గేసింది. నోరు మూసుకుని నేనూ అటెండరూ తడిసినవి మోసి, ఎండ వచ్చిన రోజున గోడ మీద ఆరబెట్టుకున్నాం. కొన్ని బతికాయి. చాలావాటిని తూకానికి కూడా ఎవరూ తీసుకోలేదు.

బీరువాలోకి నీళ్ళు పోలేదు. చెమ్మ పోయింది. కొన్నాళ్ళకు తెరిచి చూస్తే టేపుల మీద తెల్లటి బూజు. బజార్లో క్యాసెట్ల షాపతనికి చూపిస్తే, "దీన్ని తిప్పితే తెగిపోద్దండి. శుభ్రం చేసే మిషన్లు మా దగ్గరుండవండి," అన్నాడు.

మామ్మగారు వచ్చినప్పుడు ఆ మాటే చెప్పి, ఎలాగైనా పైవాళ్ళ చేత బాగుచేయిస్తానన్నాను. "తుఫాన్లో ఎందరి గొంతులో పోయాయి. ఇది బాగుపడుతుందంటున్నావుగా," అన్నారు. ఆవిడ రావడం మానలేదు. వచ్చి, అదే కుర్చీలో కాసేపు కూర్చుని, "ఏవైనా తెలిసిందా తల్లీ?" అని అడిగి వెళ్ళేవారు.

నేను అర్జీల మీద అర్జీలు పెట్టాను. పుస్తకాలకు పద్దు ఉంది, పత్రికలకు ఉంది, బీరువాలకు, ఫ్యాన్లకు ఉంది. టేపులు బాగుచెయ్యడానికి లేదు. కాలేజీ పెద్దాయన ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, "చూడమ్మా, పిల్లలకి పాఠ్యపుస్తకాల్లేవు. పైకప్పు ఇంకా కారుతోంది. నువ్వు శబ్దానికి డబ్బడుగుతున్నావు. శబ్దానికి పద్దు లేదు, నేనెక్కడ రాయను?" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆ ఏడు వచ్చిన ప్రతి రూపాయీ పాఠ్యపుస్తకాలకే పెట్టాను.

రెండువేలు దాటాక రోజులు మారాయి. పాతవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పథకం ఒకటి విశ్వవిద్యాలయానికి వచ్చింది. నా పాత అర్జీ ఎవరి కంటబడిందో, మా క్యాసెట్లు పంపమని ఉత్తరం వచ్చింది. ఆ రోజు అటెండరుకీ, ఆఫీసులో అందరికీ పూతరేకులు పంచాను. ఒక్కో క్యాసెట్టూ మెత్తని గుడ్డలో చుట్టి నేనే పెట్టెల్లో సర్దాను. వ్యాను కదిలేటప్పటికి మామ్మగారు కూడా వచ్చి నిలబడ్డారు. ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు, "జాగ్రత్త నాయనా, గతుకుల్లో నెమ్మది," అని డ్రైవరుకు చెప్పారు. అతను "ఆయ్, అలాగేనండి," అన్నాడు.

సీడీలు రావడానికి చాలా కాలం పట్టింది. రాగానే మామ్మగారికి కార్డు రాశాను. అప్పటికి ఆవిడకు చూపు తగ్గింది. కొడుకు తోడు వస్తానంటే వద్దని, ఒక్కరే బస్సు దిగి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చారు. జరీ అంచు చీర కట్టుకున్నారు.

కంప్యూటర్ ముందు కుర్చీ వేశాను. ఘనపాఠిగారి గొంతు గదంతా నిండింది. మునుపటి బరబర లేదు. ఆయన మన ఎదురుగా కూర్చుని చెబుతున్నంత స్పష్టం. తలుపు దగ్గర అటెండరు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. నా ఛాతీ పొంగిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో ఇదే పెద్దదనుకున్నాను.

పాఠం ముగిసింది. ఆ వెంటనే తరవాతి పండితుడి గొంతు మొదలైంది.

ఆపాను. వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. మామ్మగారు తల కొంచెం వంచి వింటూనే ఉన్నారు.

"ఇంకా ఉంది కదమ్మా?" అన్నారు.

"ఉండండి మామ్మగారూ, ఎక్కడో తేడా పడింది, కనుక్కుంటాను," అని ఆఫీసు గదిలోకెళ్ళి విశ్వవిద్యాలయం ప్రధాన గ్రంథాలయానికి ఫోను చేశాను. ఆ పని చూసిన కుర్రాడు చాలా మర్యాదస్తుడు. నేనడిగింది అర్థమయ్యాక సంతోషంగానే చెప్పాడు.

"అవన్నీ తీసేశామండీ. దగ్గులు, గిన్నెల చప్పుళ్ళు, ఇంట్లో మాటలు. పాఠం మాత్రమే ఉంచమన్నారు. చాలా శ్రమపడ్డాం మేడమ్. క్వాలిటీ ఎలా ఉందండీ?"

"అసలు క్యాసెట్లు పంపించేస్తారా?" అని అడిగాను.

"లేదండీ. ఆ బూజు మిగతా వాటికి అంటుకుంటుందని కమిటీ వాళ్ళు తగలబెట్టించేశారు. ఇంక అవి ఎందుకులెండి, సీడీలున్నాయిగా."

నాకు అతని మీద కోపం రాలేదు. అతని స్థానంలో నేనున్నా వేదం ఉంచి గిన్నెల చప్పుడే తీసేసేదాన్ని. క్వాలిటీ చాలా బాగుందని చెప్పి ఫోను పెట్టేశాను. కిటికీ దగ్గర నిలబడ్డాను.

చివరికి ఆవిడ కుర్చీ పక్కన నేలమీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నా తలమీద చెయ్యి వేశారు.

"ఏడవకమ్మా. వేదం నిలిచింది. ఆయనకి కావలసింది అదే," అన్నారు. కొంచెం ఆగి, "మంచినీళ్ళడిగితే అది ఎవరిక్కావాలి? అది నా ఒక్కర్తిదీను. వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నారు.

అప్పుడు పాఠం మొదటినుంచీ మళ్ళీ పెట్టమన్నారు. నా మనసు కష్టపడకూడదనే అడిగారని నాకు తెలుసు. పూర్తిగా విని, "ఎంత బాగా వస్తోందమ్మా, నీ పుణ్యమా అని," అని లేచారు. బస్సుదాకా నేనే తీసుకెళ్ళి కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాను. బస్సు కదిలినప్పుడు చెయ్యి ఊపాను గానీ ఆవిడకు కనబడి ఉండదు.

మళ్ళీ రాలేదు. చూపు ఆనక రావడంలేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఒకసారి వెళ్ళి చూసి వద్దామనుకుంటూండగానే ఆఫీసులో ఆడిట్ మొదలైంది. అది ముగిసేలోగా ఆవిడ పోయారని ఘనపాఠిగారి కొడుకు ఫోను చేశారు.

పన్నెండో రోజుకి వెళ్ళాను. ముందు గదిలో బంధువులు విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంటికి పంపిన సీడీ పెట్టుకుని వింటున్నారు. ఘనపాఠిగారి గొంతు ఇంత చక్కగా భద్రపరిచిన విశ్వవిద్యాలయాన్ని మెచ్చుకుంటున్నారు. కొడుకు నన్ను అందరికీ చూపించి, "ఈవిడే," అన్నారు. నమస్కారాలు పెట్టారు. అక్కడ నిలవలేక పెరట్లోకి వెళ్ళాను. కోడలు విస్తళ్ళు తుడుస్తోంది. నన్ను చూసి పీట వేసింది.

"అత్తయ్యగారు మిమ్మల్ని ఎప్పుడూ అనుకునేవారండీ. అమలాపురం వెళ్ళొచ్చిన రోజున రెండు ముద్దలు ఎక్కువ తినేవారు," అంది. "ఆఖర్న ఏడాదినించీ గుమ్మం దాటలేదండీ. నేను తీసుకెళ్తాను, వెళ్దామా అత్తయ్యగారూ అంటే, 'అక్కడ పనేవుందే' అనేవారు. మీకూ ఆవిడకీ ఏవైనా మాటపట్టింపు వచ్చిందా అండీ?"

లేదని తల ఊపాను. ఇంకో గుడ్డ తీసుకుని ఆ పిల్ల పక్కనే కూర్చుని విస్తళ్ళు తుడవడం మొదలుపెట్టాను.